కొండగుర్తు

రాత్రి పదకొండు దాటింది. పెదవాల్తేరు గదిలో
కాగితాలు ఎగరకుండా గవ్వల డబ్బా పెట్టి
ఆధారాల జాబితా సరిచేస్తున్నాను.

పుస్తకమైతే సులువు. రచయిత, ఏడాది,
పేరు వాలు అక్షరాల్లో, చివర అచ్చువేసినవాళ్ళు.
ఇద్దరు రాస్తే ఇద్దర్నీ పిలవాలి.
నలుగురైతే మొదటాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి
మిగతావాళ్ళని 'తదితరులు' అని గుమ్మంలో నిలబెట్టాలి.
ఒకే మనిషి ఒకే ఏడు రెండు వ్యాసాలు రాస్తే
2009అ, 2009ఆ.
కవలల కాళ్ళకి వేరే రంగు దారాలు కట్టినట్టు.
మత్స్యశాఖ నివేదికకి మనిషి లేడు, శాఖే రచయిత.
పాత పేపరు ముక్కకి ఆ దిక్కూ లేదు, శీర్షికే ఇంటిపేరు.
ఏడు తెలియని కరపత్రానికి తే.లే., అంటే తేదీ లేదు.
బళ్ళో చేర్చుకునేటప్పుడు వేసినట్టు
జూలై ఒకటి అని వేసేయకూడదు ఇక్కడ.

ఇంటిపేరు చివర ఉంటుందనుకుని
సాఫ్ట్‌వేరు అందర్నీ తలకిందులు చేసింది.
మనకది ముందే కదా నడుస్తుంది!
గరికిన పోలమ్మ కాస్తా
పోలమ్మ, గ. అయి కూర్చుంది.
లేపి మళ్ళీ తిప్పాను.

అసలు చిక్కు ఆవిడతోనే.
ఏ గాలికి ఏ చేప, ఏ నీటికి ఏ వల,
మూడో అధ్యాయమంతా ఆవిడ నోటిదే.
భానోజీరావు మాస్టారు ఎర్రసిరాతో రాశారు:
"వ్యక్తిగత సంభాషణ. వాక్యంలో బ్రాకెట్టు చాలు.
జాబితాలో వద్దు. వెతికితే దొరకదు కదా."

దొరకదా?
జాలారిపేట మొదట్లో ఆటో దిగి
పోలమ్మ అంటే పిల్లలు కూడా చూపిస్తారు.

మర్నాడు వెళ్ళేసరికి కవళ్ళు ఎండబెడుతోంది.
చదివి వినిపించాను:
గరికిన పోలమ్మ, వ్యక్తిగత సంభాషణ, మార్చి 12.
"ఆ రోజు వేట లేక కూకున్నాను గానీ
ఆ మాట నాది కాదు, మా అత్తది.
అత్తకి ఆళ్ళమ్మ సెప్పింది. మరి ఆళ్ళ పేర్లేవి?"

ఏ సంవత్సరం చెప్పింది అత్త?
"గాలోన ఏడు."
ఏ గాలివాన?
"పడవొచ్చి ఇంటి కప్పు మీద కూకుంది సూడు, ఆ గాలోన."

మూలం చూడనప్పుడు
చూసి చెప్పినవాళ్ళనే జాబితాలో వేయాలని నియమం.
ఆ చెప్పినావిడకే జాబితాలో చోటు లేదు.

"ఇంతకీ ఈ గీతలూ కామాలూ ఎందుకే గుంటా?"
తర్వాత వచ్చేవాళ్ళు
నేను చూసిన చోటికే తిన్నగా చేరడానికి, అన్నాను.

"ఓస్, కొండగుర్తేటి!"
ఉప్పు చెయ్యి సముద్రం వైపు చాపింది.
"ఆ ఏపు యారాడ కొండ ముక్కు, ఈ ఏపు కైలాసగిరి బుజం.
రెండూ కుదిరిన కాడ వల దించితే
కింద పార, పార సుట్టూ సేప.
ఒక్క కొండే సూసుకుంటే
తెల్లారేదాకా నీటి మీద తిరగడమే."

పేరొక కొండ, ఏడాదొక కొండ.
నోటుబుక్కు తీశాను. ఆ పారని మొదట ఎవరు చూశారు?
"బైరాగి. అందుకే అది బైరాగి పార."
ఎప్పుడు?
నవ్వి ఊరుకుంది.
తే.లే. అని రాసుకున్నాను.

లేచి వస్తుంటే కేకేసింది.
"ఒలమ్మా, ఆ రెండు గురుతులూ కుదిరే కాడ
కాయితం మీద ఎయ్యకు.
పెద్ద బోట్లోళ్ళు సదువుకున్నోళ్ళు."

ఇన్నాళ్ళూ దారి చూపడమే ధర్మమనుకున్నాను.
ఆ రాత్రి రెండు పేరాలు కొట్టేసి
'చెప్పినవారి కోరికపై స్థలం ఇవ్వలేదు' అని రాశాను.
జాబితాలో గ అక్షరం కింద, నియమానికి విరుద్ధంగా,
పోలమ్మని ఉంచేశాను. మాస్టారు కొట్టేస్తే కొట్టేయనీ.

సిరిపురం జిరాక్సు షాపులో అయిదు కాపీలు.
స్పైరల్ వేయబోతూ కుర్రాడు ఆగాడు:
"మేడమ్, ఈ పోలమ్మ గారి దగ్గర బ్రాకెట్టు మూయలేదు."
ఉండనీ అన్నాను.
మెట్ల దాకా వెళ్ళి, భయమేసి,
వెనక్కొచ్చి పెన్నడిగి మూశాను,
అయిదు కాపీల్లోనూ.